చెరువు ఒడ్డు, పడవల షెడ్డు: కిరాయి లెక్క కట్టే పద్ధతి

చెరువు పక్కన పట్టా భూమి ఉన్నవాళ్లు పడవలవాళ్లకు జాగా ఇచ్చేటప్పుడు సాధారణంగా నీళ్లను చూపించి ధర చెప్తారు. ఆ నీళ్లు వాళ్లవి కావు. లక్నవరం, రామప్ప, పాకాల, ధర్మసాగర్, కరీంనగర్ దిగువ మానేరు, ఏది తీసుకున్నా నీళ్లు సర్కారువే, నీళ్ల కింది నేల కూడా చాలా మట్టుకు సర్కారుదే. పట్టాదారు అమ్మగలిగింది మూడే: ఒడ్డు దాకా పోయే బాట, పడవ పెట్టుకునే జాగా, దానికి కావలి. కిరాయి ఈ మూడింటికే కట్టాలి. పైగా మన వైపు చెరువుల్లో నీటి అంచు ఏడాది పొడుగునా ఒక్కచోట ఉండదు. వానకాలం నిండి మత్తడి దుంకే చెరువే యాసంగి తడులు అయిపోయేసరికి ఎక్కడికో జరుగుతుంది. అందుకని 12 నెలలకు ఒకే కిరాయి రాసుకుంటే ఎవరో ఒకరికి అన్యాయం జరిగినట్టే.

పడవ తిప్పడానికి అనుమతి వేరే సంగతి. నీటిపారుదల శాఖను అడగాలి, విహారానికైతే పర్యాటక శాఖనూ అడగాలి. ఇంజన్ పడవకు 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. ఆ కాగితాలు చూడకుండా జాగా ఇవ్వొద్దు. రేపు పడవలు ఆపేస్తే మీ షెడ్డు కూడా ఖాళీ పడుతుంది.

ముందు హద్దు తేల్చుకోవాలి

గ్రామ నక్షా, మీ సర్వే నంబరు టిప్పన్ (కొలతల పటం), పాసు పుస్తకం ముందు పెట్టుకుని ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో చూడాలి. చెరువు నిండినప్పుడు నీళ్లు ఆగే ఆఖరి గీత అది. ఎఫ్‌టీఎల్ రాళ్లు పాతి ఉంటే సులువు. లేకపోతే నీటిపారుదల శాఖ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును), మండల సర్వేయర్‌ను కలిసి తేల్చుకోవాలి. తెలంగాణలో అమల్లో ఉన్న 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం (జీవో 168) 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా ఖాళీ, వదలాలి. అంతకన్నా చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు. గోదావరి లాంటి నది అయితే మున్సిపల్ హద్దు లోపల 50 మీటర్లు, బయట 100 మీటర్లు. షెడ్డు, గోడ, కాంక్రీట్ దిమ్మె ఏదైనా ఆ గీత వెనకే. బఫర్‌లో కట్టినదాన్ని కూలగొడితే కిరాయిదారు అడ్వాన్సు వాపసు అడుగుతాడు, అది న్యాయమే.

మీ పట్టాలో కొంత శిఖం, అంటే చెరువు నిండితే మునిగే నేల, అయితే ఇంకా జాగ్రత్త. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే శిఖం పట్టా పనికొస్తుంది. అక్కడ మట్టి పోసి ఎత్తు చేయడం, షెడ్డు వేయడం కుదరదు. ఆ విస్తీర్ణాన్ని కిరాయి లెక్కలోకి తేవద్దు. పాకాల వైపు అభయారణ్యం ఉంది, లక్నవరం చుట్టూ అడవి ఉంది. అక్కడ అటవీ శాఖ హద్దు రాళ్లు కూడా చూసుకోవాలి. సాగు భూమిలో షెడ్డు వేసి వ్యాపారానికి ఇస్తే నాలా మార్పిడి, అంటే సాగేతర భూమిగా మార్పు, చేయించుకోవాలి. ఆ ఖర్చును ఒక్క ఏడాది మీద వేయకుండా షెడ్డు ఎన్నేళ్లు నిలుస్తుందో అన్నేళ్లకు పంచాలి.

బాట సంగతి మర్చిపోవద్దు. ఊరి మత్స్యకారులు 20 ఏండ్లుగా అడ్డూ ఆపూ లేకుండా, దాచుకోకుండా, తమ హక్కుగా మీ చేను గట్టు మీదుగా రేవుకు నడుస్తుంటే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కింద అది వాళ్ల హక్కుగా నిలవొచ్చు. కొత్తగా బోటింగ్ కాంట్రాక్టరు వచ్చాడని ఆ బాటకు గేటు పెట్టి తెప్పకింత అని వసూలు చేయడం చట్టానికీ నిలవదు, ఊరికీ మంచిది కాదు. తెప్ప, వల, ఒక థర్మోకోల్ దిమ్మె, ఇవి పెట్టుకునేందుకు రెండు గుంటలు విడిచిపెట్టి మిగిలిన జాగాకే కిరాయి లెక్క వేయండి. మత్స్యకారుల సంఘం వాళ్లు రాత్రిపూట చెరువు మీద ఉంటారు కనుక, ఎంత జీతం ఇచ్చినా రాని కావలి వాళ్ల వల్ల దొరుకుతుంది.

నీళ్లు ఎన్ని నెలలు అందుతాయి

కిరాయి మొత్తం దీని మీదే తిరుగుతుంది, కనుక అంచనాతో సరిపెట్టుకోవద్దు. తూము దగ్గర నీటి మట్టం చూపే గేజీ ఉంటుంది. గడిచిన మూడు నాలుగేళ్ల రీడింగులు నెలవారీగా ఏఈ ఆఫీసులో అడిగి రాసుకోవాలి. చిన్న చెరువుకు రికార్డు లేకపోతే నీరటిని, అంటే చెరువు నీళ్లు విడిచే మనిషిని, అడిగితే ఏ నెలలో ఏ రాయి తేలుతుందో చెప్తాడు. పెద్ద జలాశయాలకు పూర్తి మట్టం అందరికీ తెలిసిందే: దిగువ మానేరుకు 920 అడుగులు, శ్రీరాంసాగర్‌కు 1,091 అడుగులు. రోజువారీ మట్టం పేపర్లలో కూడా వస్తుంది. ధర్మసాగర్‌లో మాత్రం వానను బట్టి కాక గోదావరి నీళ్లు ఎత్తిపోసే దేవాదుల పంపులు నడిచేదాన్ని బట్టి మట్టం మారుతుంది. అక్కడ ఒక్క ఏడాది లెక్క చూసి ఒప్పుకోవడం తప్పు.

తర్వాత మీ ఒడ్డు వాలు కొలవాలి. మేస్త్రీలు వాడే లెవల్ ట్యూబు చాలు. నీటి అంచున ఒక గూటం, దానికి నేరుగా ఒడ్డు వైపు 50 అడుగుల దూరంలో ఇంకో గూటం కొట్టి ఎత్తు తేడా చూడాలి. తేడా 10 అంగుళాలు వస్తే వాలు 60కి 1. అంటే మట్టం ఒక అడుగు దిగితే నీళ్లు 60 అడుగులు వెనక్కి పోతాయి. మూడడుగులు దిగితే 180 అడుగులు. అదే చెరువులో కట్టకు దగ్గర, రాతి నేల ఉన్నచోట వాలు 15కి 1 ఉండొచ్చు. అక్కడ మూడడుగులు దిగినా 45 అడుగులే. ఒకే చెరువు మీద రెండు పట్టాలకు ఒకే కిరాయి ఎందుకు ఉండకూడదో ఇక్కడే తెలుస్తుంది. రోడ్డు పక్కన ఉందా లేదా అన్నది దీని తర్వాతి మాట.

నెలలకు మేము వాడే కొలత ఇది. పడవ పెట్టే జాగా కింది గట్టు నుంచి నీళ్లు 50 మీటర్ల లోపు ఉన్న నెలకు పూర్తి ఒడ్డు కిరాయి (నీళ్ల దాకా పోయేందుకు కట్టేది). 50 నుంచి 150 మీటర్లు ఉంటే సగం. అది దాటితే సున్నా. ఎందుకంటే 16 అడుగుల ఫైబర్ పడవ ఇంజన్ లేకుండానే రెండు మూడు వందల కిలోలు ఉంటుంది. దాన్ని బురద మీద అంత దూరం లాగితే మనుషుల కూలి పెరుగుతుంది, అడుగున పైపూత గీరుకుపోయి నీళ్లు లోపలి పొరకు పడతాయి. నీలగిరి కర్రలో, మందం పీవీసీ పైపులో కింద వేసి దొర్లించాలి. ఆ కర్రలు ఎవరు తేవాలో కూడా ఒప్పందంలో రాయాలి.

ఆగస్టు నుంచి జనవరి దాకా ఆరు పూర్తి నెలలు, ఫిబ్రవరి, మార్చి సగం నెలలు, ఏప్రిల్ నుంచి జులై దాకా సున్నా అనుకోండి. ఏడాదికి ఒడ్డు కిరాయి నెలలు ఏడు. నిలుపుదల కిరాయి (పడవ పెట్టుకున్నందుకు, కావలికి కట్టేది) మాత్రం 12 నెలలదీ. నీళ్లు లేనప్పుడు పడవలన్నీ నేల మీదనే ఉంటాయి కదా. ఈ రెండు ఖాతాలను కలిపి ఒకటే అంకె చెప్పడం వల్లనే సగం తగాదాలు పుడతాయి.

పడవకు ఎంత జాగా

పడవ పొడవుకు 3 అడుగులు, వెడల్పుకు 2 అడుగులు కలపాలి. 16 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు పడవకు 19 గుణించు 8, అంటే 152 చదరపు అడుగులు. చుట్టూ మనిషి నడిచి అడుగు చూసుకునేంత సందు కోసమే ఆ అదనం. గుంట అంటే 1,089 చదరపు అడుగులు కనుక కాగితం మీద గుంటకు ఏడు పడవలు పడతాయి. అసలు నేల మీద పట్టవు, ఎందుకంటే బయటికి లాగి తిప్పే జాగా కావాలి. ముందు వైపు మొత్తం తెరిచి ఉన్న 60 అడుగుల పొడవు, 20 అడుగుల లోతు షెడ్డు అయితే పడవను నేరుగా బయటికి లాగొచ్చు. నాలుగు వైపులా గోడ కట్టి ఒక గేటు పెట్టినవాళ్లు లోపల బాటకు మళ్లీ అంత జాగా పోగొట్టుకుంటారు. ఆ దండగ కిరాయిదారు మీద పడకూడదు. పడవ పట్టే జాగాకే లెక్క కట్టాలి.

లెక్క, రెండు వైపుల నుంచి

ఈ కింది ధరలన్నీ లెక్క చూపడానికి వేసుకున్నవి. మీ ఊరి ధరలు వాటి స్థానంలో పెట్టుకోండి.

జాగా 10 గుంటలు. కౌలుకు ఇస్తే ఎకరానికి ఏడాదికి 16 వేలు వస్తాయనుకుంటే 10 గుంటలకు 4 వేలు. ఇంతకన్నా తక్కువకు ఇచ్చే పట్టాదారు ఉండడు. గుంట లక్ష రూపాయలు పలుకుతుందనుకుంటే భూమి విలువ 10 లక్షలు, దాని మీద 2 శాతం వేస్తే 20 వేలు. బ్యాంకు వడ్డీ లెక్కన 8, 9 శాతం అడగడం న్యాయం కాదు. ఆ భూమి ధర ఏటేటా పెరుగుతుంది, ఆ పెరిగినదంతా పట్టాదారుకే దక్కుతుంది. పెరుగుదలా తనకే, పూర్తి వడ్డీ కూడా తనకే అంటే ఒకే దానికి రెండుసార్లు తీసుకున్నట్టు.

షెడ్డు 1,200 చదరపు అడుగులు, అడుగుకు 350 రూపాయలు పడితే 4,20,000. రేకుల షెడ్డు 15 ఏళ్లు అనుకుంటే ఏడాదికి 28,000. పెట్టుబడి క్రమంగా తిరిగి వస్తుంది కనుక సగం మీదే, అంటే 2,10,000 మీద 9 శాతం వడ్డీ 18,900. మరమ్మతులకు 2 శాతం 8,400. షెడ్డు మొత్తం 55,300. రాత్రి కావలికి నెలకు 6 వేలు, ఏడాదికి 72,000. కరెంటు 6,000. బాటకు ఏటా మొరం 15,000. భూమి 20,000. అన్నీ కలిపితే 1,68,300.

ఏడు పడవలు పట్టినా ఏడుతో భాగించొద్దు. ఎప్పుడూ ఒకటి ఖాళీ ఉంటుందనుకుని ఆరుతో భాగించాలి. పడవకు ఏడాదికి 28,050, నెలకు సుమారు 2,340. మూడు ఖాళీ ఉంటాయని నాలుగుతో భాగించే ఆసాములు ఉంటారు. అది తాను పెద్ద షెడ్డు కట్టుకున్న తప్పును ఉన్నవాళ్ల మీద వేయడమే.

ఇప్పుడు పడవ వైపు నుంచి చూడాలి. మనిషికి 100 టికెట్టు, సగటున నలుగురు, రోజుకు నాలుగు ట్రిప్పులు, ఏడాదిలో శని ఆదివారాలు, సెలవులు కలిపి 110 రోజులు: 1,76,000. ఇంధనం, నడిపే మనిషి, బీమా, లైఫ్ జాకెట్లు, మరమ్మతులు 1,10,000 పోతే 66,000 మిగులుతుంది. అందులో 28,050 కిరాయి అంటే 42 శాతం. అంత కట్టి ఎవరూ రెండో ఏడాది నిలవరు. మా అభిప్రాయంలో మిగులులో నాలుగో వంతు దాటకూడదు.

రెండు లెక్కలు కలవకపోతే ఎవరో ఒకరు తలవంచాలని కాదు, ఖర్చు తప్పుగా ఉందని అర్థం. రేకుల షెడ్డు బదులు జీఐ పైపుల మీద టార్పాలిన్ పందిరి వేస్తే అడుగుకు 60 చొప్పున 72,000. నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 18,000, వడ్డీతో కలిపి 21,000 దాకా. ఏప్రిల్ నుంచి జులై దాకా ఇంజన్లు ఎవరింటికి వాళ్లు తీసుకుపోతే ఖాళీ పడవలకు గొలుసు చాలు, కావలి 8 నెలలకే: 48,000. కరెంటు 4,000, మొరం 15,000. భూమికి 4 వేలకు, 20 వేలకు నడుమ మాట్లాడుకుని 10,000. మొత్తం 98,000. ఆరుతో భాగిస్తే పడవకు 16,333, అంటే మిగులులో నాలుగో వంతుకు లోపే. బేరం నిజంగా ఉన్నది ఆ భూమి అంకె దగ్గరే. మిగతావి బిల్లులు, బేరానికి పనికిరావు.

దీన్ని ఇప్పుడు నెలలకు పంచాలి. భూమి, మొరం కలిపి 25,000 ఒడ్డు ఖాతా. పడవకు 4,167, ఏడు నెలలకు పంచితే పూర్తి నెలకు 595, సగం నెలకు 298. పందిరి, కావలి, కరెంటు కలిపి 73,000 నిలుపుదల ఖాతా. పడవకు 12,167, నెలకు 1,014. అంటే పడవవాడు ఆగస్టులో కట్టేది 1,610 దాకా, మార్చిలో 1,310, మేలో 1,014. చెరువు నిండని ఏడాది ఒడ్డు ఖాతా నడవదు. ఆ ఏడు మొరం పోయించే పనీ ఉండదు కనుక పట్టాదారుకు నిజంగా తగ్గేది భూమి మీది 10 వేలే.

ట్రాలీ మీద పడవ తెచ్చి ఒక్కరోజు దింపుకుపోయే వాళ్లుంటే ఒడ్డు ఖాతానే దింపుడు లెక్కన పంచాలి. సీజన్‌లో 500 దింపులు జరిగితే 25,000ను భాగిస్తే ఒక్కోదానికి 50. రోజువారీ డబ్బులు తీసుకుంటే అంతమేర నెలవారీ వాళ్ల ఒడ్డు కిరాయి తగ్గించాలి. ఒకే బాటకు రెండుచోట్ల వసూలు చేయొద్దు.

తాళం ఎవరి చేతిలో

కిరాయి ఎక్కువా తక్కువా అన్నది దీన్ని బట్టి కూడా మారుతుంది. పడవ, ఇంజన్ మీరు తీసుకుని మీ తాళం వేసుకుంటే చట్టం దృష్టిలో మీరు వస్తువును భద్రపరిచేవారు అవుతారు. 1872 కాంట్రాక్టు చట్టం 148, 151 సెక్షన్ల ప్రకారం సొంత వస్తువును వివేకం ఉన్న మనిషి చూసుకున్నట్టు చూసుకోవాలి. జాగా మాత్రమే ఇచ్చి తాళం వాళ్ల దగ్గరే ఉంటే ఆ బాధ్యత ఉండదు. కావలి డబ్బులు వసూలు చేస్తూ "పోతే మాకు సంబంధం లేదు" అని బోర్డు పెట్టడం పద్ధతి కాదు. కావలి ఖాతా తీసేసి కిరాయి తగ్గించండి, లేదా డబ్బు తీసుకుని బాధ్యత మోయండి.

నిలుపుదలలో పడవలు పాడయ్యేది ఎక్కువగా నాలుగు కారణాల వల్ల. అడుగున ఉండే నీళ్లు పోయే బిరడా తీయకపోవడం మొదటిది. 16 అడుగుల పడవలో నాలుగంగుళాల వాన నీళ్లు నిలిస్తే ముప్పావు టన్ను బరువు, కింది దిమ్మెలు విరుగుతాయి. రెండోది రెండే దిమ్మెల మీద నిలపడం. ఫైబర్ పడవ నడుమ కుంగి సన్నటి పగుళ్లు వస్తాయి, కనీసం మూడుచోట్ల ఆనాలి. మూడోది ఏప్రిల్, మే గాలిదుమారం. బోర్లించిన పెడల్ పడవను కూడా లేపేస్తుంది, గూటాలకు కట్టాల్సిందే. నాలుగోది చెదలు, ఎలుకలు. లైఫ్ జాకెట్లు కుప్ప పోస్తే లోపలి నురుగు నలిగి తేలే గుణం తగ్గుతుంది, ఎలుకలు కొరికినవి పనికిరావు. తీగ మీద వేలాడదీయాలి. చెక్క పడవ అయితే ఎండకు పలకలు విడిపోతాయి, నీడలో పెట్టి తడి గోనె సంచులు కప్పాలి. పెట్రోలు డబ్బాలు పడవల పందిరి కింద ఉంచొద్దు. భద్రకాళి చెరువు, దిగువ మానేరు లాంటి తాగునీటి వనరుల పక్కన ఒడ్డున ఇంధనం నిల్వ అసలే వద్దు.

వరదను కూడా లెక్కలో పెట్టుకోవాలి. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 650 మిల్లీమీటర్ల దాకా వాన పడింది. అట్లాంటి రాత్రి పడవలను పైకి చేర్చే పని ఎవరిది, ట్రాక్టరు కిరాయి ఎవరిది అన్నది ముందే కాగితం మీద ఉండాలి.

కాగితం

మన రాష్ట్రంలో లీజు కాగితం ఎంత కాలానిదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 11 నెలలకు రాసుకుంటే అక్కర్లేదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. పడవలు పెట్టుకోనిచ్చి జాగా స్వాధీనం మీ దగ్గరే ఉంచుకుంటే అది లీజు కాదు, లైసెన్సు. పైన ఏ పేరు పెట్టినా కోర్టు లోపలి షరతులే చూస్తుంది. లైసెన్సు మీద ఉన్నవాడిని మీ అనుమతితో శాశ్వత కట్టడం కట్టనిచ్చి, డబ్బు పెట్టనిచ్చాక ఇష్టం వచ్చినప్పుడు పొమ్మనడం కుదరదని ఈజ్‌మెంట్ల చట్టం 60వ సెక్షన్ చెప్తుంది. కనుక వాళ్లు వేసేది ఏదైనా విప్పుకుని పోయేలా ఉండాలని రాయాలి.

ఏటా పెంపు మొత్తం మీద వేయొద్దు. పందిరి ఖర్చు అయిపోయింది, అది పెరగదు. భూమి అంకెను మూడేళ్లకోసారి చూసుకోవచ్చు. పెరిగేవి కూలి, కరెంటు, మొరం. పై లెక్కలో ఇవి 67,000. వాటి మీద 6 శాతం అంటే 4,020, మొత్తం కిరాయి మీద 4 శాతమే. గుడ్డిగా 10 శాతం రాసుకుంటే ఐదేళ్లలో కిరాయి మళ్లీ పడవ మిగులులో 40 శాతం దాకా పోతుంది. అడ్వాన్సు మూడు నెలలది చాలు. సేవల టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ వర్తిస్తుంది, అంత పెద్ద వ్యాపారమైతే కిరాయి పన్నుతో కలిపా, పన్ను లేకుండానా అన్నది రాసుకోవాలి.

కాగితానికి రెండు జత చేయండి: గేజీ రీడింగు ప్రకారం ఏ మట్టానికి ఏ కిరాయి అన్న పట్టిక, పడవ పెట్టిన రోజున నాలుగు వైపులా, అడుగున తీసిన ఫోటోలు. ప్రతి నెలా ఒకటో తారీఖున ఇద్దరూ తూము దగ్గరికి పోయి గేజీ చూసి నోటుబుక్కులో రాసి సంతకాలు పెట్టుకోవాలి. ఆ నెల ఒడ్డు కిరాయి ఎంతో అక్కడే తేలిపోతుంది.